బాపట్ల బియ్యం - అప్పుల పద్దు

పిల్లలూ! ఇవాళ మధ్యాహ్నం మీరు తిన్న అన్నం ఏ బియ్యంతో వండారో చెప్పగలరా? "మాకేం తెలుసు మాస్టారూ, అమ్మ వండింది, మేం తిన్నాం" అంటారు. అంతేనా? సరే, సాయంత్రం ఇంటికి వెళ్ళాక బియ్యం బస్తా మీద ఏం రాసి ఉందో చూడండి.

మా తెనాలి బజారులో బియ్యం కొట్టుకు పోయి "సన్నబియ్యం కావాలి" అంటే, కొట్టాయన "బీపీటీయేనా?" అని అడుగుతాడు. ఆ మూడక్షరాలు ఏ కంపెనీ పేరో అనుకునేరు! అది ఒక ఊరి పేరు. బీపీటీ అంటే బాపట్ల. తెనాలి నుంచి మద్రాసు వైపు పోయే రైలెక్కితే వచ్చే ఊరే. ఆ ఊళ్ళో పుట్టిన వరి వంగడం బీపీటీ 5204. దానికే సాంబ మసూరి అని ఇంకో పేరు.

ఈ బియ్యం గురించి ఒక చిన్న కథ చెబుతాను. అది నా తప్పుతో మొదలవుతుంది.

గాజుగ్లాసులో తెల్లని దారాలు

కొన్నేళ్ళ కిందటి మాట. సార్వా పంట పొట్టకు వచ్చే రోజులు. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు వరి ఆకులు నాలుగు నోటుపుస్తకంలో పెట్టుకొని వచ్చాడు. వాడు రోజూ రేపల్లె బండిలో వచ్చి చదువుకునేవాడు.

"మాస్టారూ, తాతయ్య చేను ఇట్లా అయిపోతోంది. వెతికితే పురుగు కనబడడం లేదు."

ఆకుల కొనలు ఎండిపోయాయి. ఆ ఎండు అంచుల వెంట అలలు అలలుగా కిందికి దిగుతోంది. మధ్య ఈనె మాత్రం ఇంకా పచ్చగానే ఉంది.

అందరం ప్రయోగశాలలో గుమిగూడాం. గాజుగ్లాసులో తేట నీళ్ళు పోశాం. పచ్చదనమూ ఎండూ కలిసేచోట ఆకును అడ్డంగా కత్తిరించి, ఆ కొసను నీళ్ళలో ముంచి పట్టుకున్నాం. కొద్ది నిమిషాలకు కత్తిరించిన అంచునుంచి పాలవంటి సన్నని దారాలు కిందికి జారడం మొదలైంది. ఆ దారాలు ఏమిటో తెలుసా? కోట్ల కొద్దీ బాక్టీరియాలు! వాటి పేరు క్సాంథోమోనాస్ ఒరైజే. అవి తెచ్చే జబ్బు పేరు బాక్టీరియా ఎండాకు తెగులు. ఆకులో నీళ్ళు పారే సన్నని గొట్టాల్లో అవి పెరుగుతాయి. గొట్టాలు పూడిపోతాయి, ఆకు ఎండుతుంది, గింజ తాలు పోతుంది.

ఆ ఏడు సైన్సు ప్రదర్శనకు మా బడి తరఫున దీన్నే తీసుకుపోయాం. పెద్ద చార్టు తయారయింది. పైన బడి పేరు, కింద మార్గదర్శిగా నా పేరు, బొమ్మలు వేసిన ఇద్దరి పేర్లు. అందరూ మెచ్చుకున్నారు. ఆ కుర్రవాడు మాత్రం చార్టు ముందు చాలాసేపు నిలబడి, నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు:

"మాస్టారూ, ఆకు తెచ్చింది నేను కదండీ?"

నిజమే. వాడు ఆ ఆకును గమనించి తేకపోతే చార్టే లేదు. వాడి పేరు రాయడం నేను మరచిపోయాను. వెంటనే స్కెచ్ పెన్ను తీసి, "తెగులును పొలంలో గుర్తించి ఆకులు తెచ్చినవారు" అని వాడి పేరు రాశాను. వాళ్ళ తాతగారి పేరు కూడా రాశాను, ఎందుకంటే ఎండుతున్న ఆకును ముందు చూసింది ఆయనే. కాని రంగు పెన్నుతో ఒక మూల ఇరికించిన పేరుకీ, మొదటే రాసిన పేరుకీ తేడా ఉంటుంది కదా! ఆ తేడా వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

శాస్త్రజ్ఞులు ఈ పని ఎట్లా చేస్తారో ఆ రోజు వాడికి చెప్పాను. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

శాస్త్రజ్ఞుల చిట్టా ఆవర్జా

వర్తకుడి దగ్గర పద్దు పుస్తకం ఉంటుంది. ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో, ఎవరికి ఎంత ఇచ్చాడో అందులో రాసుకుంటాడు. శాస్త్రజ్ఞులకూ అటువంటి పుస్తకం ఒకటి ఉంది.

పరిశోధనలో కొత్త సంగతి తేలితే దాన్ని వ్యాసంగా రాసి శాస్త్ర పత్రికకు పంపుతారు. ఏం చేశారు, ఎట్లా చేశారు, ఏం తేలింది - అన్నీ పూసగుచ్చినట్టు రాయాలి. మరొకరు ఎక్కడైనా అదే ప్రయోగం చేసి చూసుకోగలగాలి. అచ్చువేసే ముందు సంపాదకులు ఆ వ్యాసాన్ని ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపుతారు. వాళ్ళు తప్పులు వెతుకుతారు, ప్రశ్నలు వేస్తారు. ఆ పరీక్షలో నెగ్గితేనే అచ్చు.

వ్యాసం చివర ఒక జాబితా ఉంటుంది. "ఈ సంగతి మేం కనుక్కున్నది కాదు. ఫలానా ఏడు, ఫలానా పత్రికలో, ఫలానావారు రాశారు. దాని మీద ఆధారపడి మేం ఈ పని చేశాం" అని ఒప్పుకునే జాబితా అది. ఒకరి వ్యాసాన్ని మరొకరు ఇలా పేర్కొనడాన్ని ఉల్లేఖన అంటారు. ఇంగ్లీషువారి మాటలో సైటేషన్.

అప్పు తీసుకున్నవారు రాసుకుంటే అది వాళ్ళ బాకీ. ఎవరి పేరు రాశారో వారికి అది జమ. ఒక శాస్త్రజ్ఞుడు రాసిన వ్యాసాలెన్ని, వాటిని ఎంతమంది ఎన్నిసార్లు పేర్కొన్నారు అన్న లెక్కే ఆయన ప్రచురణల, ఉల్లేఖనల పద్దు.

ఇక మన బాపట్ల బియ్యం పద్దు విప్పుదాం.

బాపట్లలో పుట్టిన గింజ

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. అక్కడి శాస్త్రజ్ఞులు తయారుచేసిన బీపీటీ 5204 వంగడం 1986లో విడుదలయింది. దీని వంశవృక్షంలో మూడు పేర్లున్నాయి. మొదటిది జీఈబీ 24, కోయంబత్తూరులో ఎంపిక చేసిన సన్నగింజ రకం. రెండోది తైవాన్‌నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1. ఇది పొట్టి మొక్క, పడిపోదు, ఎరువు వేస్తే బాగా పండుతుంది. మూడోది మలేషియానుంచి వచ్చిన మసూరి. చూశారా! మన కంచంలోని మెతుకు అప్పటికే మూడు దేశాలకు బాకీపడి ఉంది.

గింజ సన్నం, అన్నం పొడిపొడిగా మెత్తగా ఉంటుంది, దిగుబడీ బాగుంటుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల చేలల్లోనే కాదు, ఆంధ్రదేశం దాటి పక్క రాష్ట్రాలకూ పోయింది. అయితే ఒక లోపం ఉంది. ఎండాకు తెగులు తగిలితే తట్టుకోలేదు.

మా కుర్రవాడి తాతగారి కష్టం అదే. ఈ తెగులు ఒకసారి పట్టాక మందు కొట్టి పూర్తిగా పోగొట్టడం సాధ్యం కాదు. యూరియా ఎక్కువ వేసినకొద్దీ ముదురుతుంది. "రకం మార్చండి" అని ఎవరైనా చెప్పవచ్చు. కాని కొట్లో అడిగేది బీపీటీనే! వేరే రకం వేస్తే ధర రాదు. ఇదే వేస్తే తెగులు భయం. ఇక కావలసింది ఏమిటి? గింజ అదే ఉండాలి, మొక్కకు మాత్రం తెగులును తట్టుకునే బలం రావాలి.

హైదరాబాదులో నాలుగు తరాల పని

ఈ పనికి హైదరాబాదులో రెండు సంస్థలు చేతులు కలిపాయి. ఒకటి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ. అప్పట్లో దాన్ని వరి పరిశోధన డైరెక్టరేట్ అనేవారు. రెండోది అణుజీవశాస్త్ర పరిశోధన జరిగే సీసీఎంబీ. మొదటిదానిలో ఆర్.ఎం. సుందరం, ఎన్.పి. శర్మ, శోభారాణి మొదలైనవారు, రెండోదానిలో రమేశ్ సొంటి బృందం కలిసి పనిచేశారు. వారి వ్యాసం 2008లో యూఫైటికా అనే పత్రికలో వచ్చింది. దాని మీద ఎనిమిది మంది పేర్లున్నాయి. అదే ఏడు మెరుగైన సాంబ మసూరి వంగడం విడుదలయింది.

వారు చేసిందేమిటి? ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులున్న ఒక వరి మొక్క వారి దగ్గర ఉంది. ఆ జన్యువుల పేర్లు ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5. ఆ మొక్కను సాంబ మసూరితో సంకరం చేశారు. పుట్టిన పిల్లమొక్కలో సగం సాంబ మసూరి, సగం ఆ రెండో మొక్క. అంటే సగం మంచి అన్నం గుణం పోయినట్టే కదా! అందుకని పిల్లమొక్కను మళ్ళీ సాంబ మసూరితో సంకరం చేశారు. ఇట్లా నాలుగు తరాలు చేశారు. లెక్క వేయండి: మొదట 50 శాతం, తరువాత 75, ఆపైన 87.5, ఆపైన 93.75, నాలుగోసారికి సుమారు 96.9 శాతం సాంబ మసూరి. ఇది సగటు లెక్క.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రతి తరంలోనూ ఏ మొక్కలో ఆ మూడు జన్యువులూ ఉన్నాయో తెలియాలి. 13, 5 అన్నవి అంతర్గత జన్యువులు. మెండెల్ బఠాణీల పాఠం గుర్తుందా? అంతర్గత లక్షణం రెండు ప్రతులూ ఉంటేనే బయటపడుతుంది. సంకర మొక్కలో ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి తెగులు పెట్టి చూసినా అది ఉన్నదీ లేనిదీ తెలియదు.

అణుజీవశాస్త్రం ఆదుకున్నది ఇక్కడే. కొత్తవారు మన ఇంటికి దారి అడిగితే "చింతచెట్టు పక్కిల్లు" అని చెబుతాం. చెట్టు కనబడితే ఇల్లు దొరికినట్టే. జన్యువు పక్కనే ఉండే, సులువుగా గుర్తుపట్టగల డీఎన్ఏ ముక్క ఆ చింతచెట్టు వంటిది. దాన్ని మార్కర్ అంటారు. లేత ఆకులోంచి కాస్త డీఎన్ఏ తీసి, ఆ ముక్కకు పీసీఆర్ పద్ధతిలో లక్షల నకళ్ళు తీసి చూస్తారు. మార్కర్ కనబడిన మొక్కనే ఉంచుకుంటారు, మిగతావి తీసేస్తారు. వెన్ను వేసేదాకా ఆగనక్కరలేదు.

ఇంకో సంగతి. ఇందులో ప్రయోగశాలలో జన్యువును కత్తిరించి అతికించడం లేదు. పుప్పొడి చల్లి సంకరం చేయడమే. డీఎన్ఏ పరీక్ష ఎంపికకు మాత్రమే.

జాబితా పట్టుకొని వెనక్కి

ఈ వ్యాసానికి ప్రాణం వంటిది ఎక్స్‌ఏ 21 జన్యువు. అది హైదరాబాదులో పుట్టలేదు. మరి ఎక్కడిది? ఒక వ్యాసంలోని జాబితానుంచి దాని ముందు వ్యాసానికి, అక్కడినుంచి ఇంకా వెనక్కి నడిస్తే తెలుస్తుంది.

1995లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో పమేలా రోనాల్డ్ బృందం ఈ జన్యువును విడిగా పట్టుకుంది. వ్యాసంలో మొదటి పేరు వెన్-యువాన్ సాంగ్‌ది. ఈ జన్యువు తయారుచేసే ప్రోటీను జీవకణం గోడ దగ్గర తలారిలా కూర్చుంటుంది. దాని ఒక కొస బయటికి ఉండి బాక్టీరియా జాడ పసికడుతుంది. మరో కొస లోపలినుంచి కేక వేస్తుంది. కణం జాగ్రత్త పడుతుంది.

ఇంకా వెనక్కి పోదాం. 1990లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ సింగ్ ఖుష్, ఆయన సహచరులు ఈ జన్యువును గుర్తించి పేరు పెట్టారు. ఒక అడవి వరిలోంచి దాన్ని సాగువరిలోకి తెచ్చింది ఆ సంస్థే. ఖుష్ పంజాబువారు.

ఇంకా వెనక్కి. 1983లో మన దేశపు కరెంట్ సైన్స్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. రాసినవారు ఒడిశాలోని కటక్ వరి పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఎస్. దేవదత్. ఆఫ్రికా అడవి వరిలో ఒక రకానికి ఎండాకు తెగులు అసలు సోకడం లేదని ఆయన రాశారు. అదీ మొదటి అడుగు!

ఆ అడవి వరి ఎక్కడిది? పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశానిది. అక్కడితో జాబితా ఆగిపోతుంది. ఆ నీటి ఒడ్డున ఆ గడ్డిని తరతరాలుగా ఎరిగిన పల్లెవారి పేరు ఏ వ్యాసం చివరా ఉండదు. వాళ్ళు వ్యాసాలు రాయలేదు కదా! ఇది పద్దులో మిగిలిపోయిన బాకీ. పమేలా రోనాల్డ్‌కు ఈ సంగతి తోచింది. ఆ జన్యువుమీద ఎవరికైనా లాభం వస్తే అందులో కొంత మాలివంటి దేశాల విద్యార్థుల చదువుకు చేరాలని 1996లో తన విశ్వవిద్యాలయంలో ఒక నిధి ఏర్పాటు చేయించారు.

మాలినుంచి కటక్, కటక్‌నుంచి ఫిలిప్పీన్స్, కాలిఫోర్నియా, హైదరాబాదు, చివరకు రేపల్లె చేను. ఈ దారి ఇవాళ మనకు తెలుస్తోందంటే, దారిలో ప్రతివారూ తమ ముందువారి పేరు రాసి ఉంచడం వల్లనే.

తప్పు పద్దు కొట్టివేత

వర్తకుడు పద్దు తప్పు రాస్తే గీత కొట్టి సరిగా రాస్తాడు. శాస్త్రజ్ఞులూ అట్లా చేస్తారా? చేస్తారు, కాని అది అంత సులువు కాదు.

ఎక్స్‌ఏ 21 అనే తలారి పసికట్టేది బాక్టీరియాలోని ఏ పదార్థాన్ని? అది తమకు దొరికిందని పమేలా రోనాల్డ్ బృందం 2009లో సైన్స్ పత్రికలో రాసింది. 2011లో మరో పత్రికలో ఇంకో వ్యాసం వచ్చింది. ఆ తరువాత ప్రయోగశాలలో కొత్తగా చేరినవారు అవే ప్రయోగాలు చేస్తే ఫలితం అట్లా రాలేదు. మళ్ళీ చేశారు. రాలేదు. వెతగ్గా వెతగ్గా, నిల్వచేసిన బాక్టీరియా సీసాల్లో కొన్నిటిమీద చీటీలు తారుమారైనట్టు తేలింది.

ఆమె ఏం చేశారు? దాచలేదు. తప్పు జరిగిందని బయటికి చెప్పి, 2013లో రెండు వ్యాసాలనూ వెనక్కి తీసుకున్నారు. పేరున్న శాస్త్రవేత్తకు అది ఎంత కష్టమో ఆలోచించండి. తరువాత మళ్ళీ మొదటినుంచి పనిచేసి 2015లో అసలు పదార్థాన్ని పట్టుకున్నారు. దాని పేరు రాక్స్ ఎక్స్. తలారి మాత్రం తలారే. 1995నాటి జన్యువు పద్దు చెక్కు చెదరలేదు.

మీ రికార్డు పుస్తకంలో రీడింగు తప్పు వచ్చినప్పుడు పక్కవాడిది చూసి దిద్దుతారా? నేను చూడలేదనుకోకండి! తప్పు రీడింగును గీత కొట్టి ఉంచి, పక్కన మళ్ళీ చేసిన రీడింగు రాయండి. నేను మార్కు తగ్గించను.

లెక్కలూ వాటి పరిమితులూ

ఇంతమంది పద్దులు ఎవరు చూస్తారు? అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన 1955లో ఒక ఆలోచన చెప్పారు. వ్యాసాల చివరి జాబితాలన్నీ పోగుచేసి తిరగేస్తే, ఏ వ్యాసాన్ని ఎవరెవరు వాడుకున్నారో తెలుస్తుంది. 1960ల్లో ఆ సూచిక పెద్ద పెద్ద సంపుటాలుగా రావడం మొదలైంది. ఇప్పుడు కంప్యూటరులో క్షణంలో కనబడుతుంది. హైదరాబాదువారి 2008 వ్యాసాన్ని కూడా తరువాతివారు వందలసార్లు పేర్కొన్నారు.

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఇంకో లెక్క చెప్పారు. దాని పేరు హెచ్ సూచిక. మీరే వేసి చూడండి. ఒకరివి అయిదు వ్యాసాలు. వాటిని ఇతరులు పేర్కొన్నది వరసగా 10, 8, 5, 4, 3 సార్లు. కనీసం నాలుగేసి సార్లు పేర్కొన్న వ్యాసాలు నాలుగున్నాయి. అయిదేసి సార్లు పేర్కొన్నవి అయిదు లేవు. కాబట్టి హెచ్ సూచిక 4. మరొకరివి మూడు వ్యాసాలు: 3000, 1, 1. ఆయన సూచిక ఎంత? ఒకటే! మరి ఇద్దరిలో ఎవరు గొప్ప?

"మొదటాయన" అన్నవారూ, "రెండో ఆయన" అన్నవారూ ఇద్దరూ తొందరపడ్డారు. ఆ వ్యాసాల్లో ఏముందో చదవకుండా ఎట్లా చెబుతాం?

2014లో నేచర్ పత్రిక ప్రపంచంలో ఎక్కువగా పేర్కొన్న 100 వ్యాసాల జాబితా వేసింది. మొదటి స్థానం ఏ మహా సిద్ధాంతానిదో అనుకుంటున్నారా? కాదు. ద్రావణంలో ప్రోటీను ఎంతుందో కొలిచే పద్ధతిని వివరించిన 1951నాటి వ్యాసానిది. దాన్ని 3 లక్షలసార్లకు పైగా పేర్కొన్నారు. డీఎన్ఏ జంట మెలికను చూపిన 1953నాటి వ్యాసం మొదటి వందలోనే లేదు! కొలిచే పద్ధతి అందరికీ రోజూ కావాలి. వాడిన ప్రతివారూ పేరు రాస్తారు. గొప్ప సంగతులేమో కొన్నాళ్ళకు పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతాయి. ఆపైన ఎవరూ పేరు రాయరు. గురుత్వాకర్షణ అని రాసినప్పుడల్లా న్యూటన్ వ్యాసాన్ని పేర్కొంటున్నామా?

మన తెలుగువారిలోనే దీనికి ఉదాహరణ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక వ్యాసం రాశారు. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. దాన్ని వేలసార్లు పేర్కొన్నారు. ఆయనే తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. బోదకాలుకు వాడే మాత్ర 1947లో అక్కడినుంచే వచ్చింది. మన కోస్తా ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఆ మాత్ర మింగించారు. మింగిన వారెవరైనా వ్యాసం రాసి ఆయన పేరు పేర్కొన్నారా? లేదు. బోదకాలు రాని కాలు ఏ సూచికలోనూ ఉల్లేఖనగా లెక్కకు రాదు.

బాపట్ల వంగడం సంగతీ అంతే. చేలో నాటిన ప్రతి దుబ్బూ, కంచంలో పెట్టిన ప్రతి మెతుకూ ఒక ఉల్లేఖన అయితే బాపట్లవారి సూచిక ఎంత ఉండేదో!

లెక్కకు ఇంకో ప్రమాదం ఉంది. మార్కులకోసం చదివేవాడు బట్టీ పట్టినట్టు, సంఖ్యకోసం రాసేవారూ ఉంటారు. తమ వ్యాసాలనే తాము పదేపదే పేర్కొంటారు. "నన్ను నువ్వు రాయి, నిన్ను నేను రాస్తాను" అని ఒప్పందం చేసుకునేవారూ లేకపోలేదు. ఒక వ్యాసం తప్పని చెప్పడానికి పేర్కొన్నా అది లెక్కలో కలుస్తుంది. అందుకే పత్రిక పేరును బట్టీ, అంకెలను బట్టీ శాస్త్రజ్ఞులకు విలువ కట్టవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైనవారు ఒక ప్రకటన తయారుచేశారు. తరువాత ప్రపంచమంతటా వేలమంది దానిమీద సంతకాలు పెట్టారు.

అయితే పద్దు దండగేనా? కాదు. పద్దు లేకపోతే మాలినుంచి రేపల్లెదాకా దారి మనకు దొరికేది కాదు. పద్దు దారి చూపుతుంది. తూకం వేసే పని మాత్రం దానిది కాదు.

తాతగారి మడి

మా కుర్రవాడు ఈ కథంతా విని ఇంటికి పోయి తాతగారికి చెప్పాడు. ఆయన వ్యవసాయాధికారిని అడిగి, మరుసటి ఏడు మెరుగైన సాంబ మసూరి విత్తనం తెచ్చి ఒక్క మడిలో వేశారు. తనకు నమ్మకం కుదిరేదాకా ఒక్క మడే అన్నారట! ఆ మడిలో ఎండాకు కనబడలేదు. కాని సుడిదోమ పడింది. కుర్రవాడు దిగులుగా వచ్చి "మాస్టారూ, ఆ మూడు జన్యువులూ దోమను ఆపవా?" అన్నాడు.

ఆపవురా అన్నాను. ఎండాకు తెగులుకు తలారిని పెట్టారు గాని దోమకు పెట్టలేదు. ఆ వ్యాసం ఇంకా ఎవరో రాయాలి.

"ఎవరు రాస్తారు?" అని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు.

పిల్లలూ! మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ బడిలో ఈసారి ప్రాజెక్టు చార్టు తయారుచేసేటప్పుడు, బొమ్మలు వేయకముందే అడుగున ఒక గడి గీయండి. దానికి "మా అప్పులు" అని పేరు పెట్టండి. ఏ పుస్తకంలో చదివారో, ఎవరు చెప్పారో, ఆకు ఎవరు తెచ్చారో, గాజుగ్లాసు ఎవరింటిదో అన్నీ రాయండి. పేర్లు పట్టకపోతే గడి పెద్దది చేయండి, బొమ్మ చిన్నదైనా ఫరవాలేదు.